గడువు దించిన ధర

అమెరికాలో ఒక ఇంటి పెద్దలు కన్నుమూసినప్పుడో, వయసు మీదపడి సంరక్షణ గృహానికి మారినప్పుడో, ఆ ఇంట్లోని సామానంతా ఉన్నది ఉన్నచోటే ధర చీటీలు అంటించి అమ్మేస్తారు. దీన్ని ఎస్టేట్ సేల్ అంటారు. అక్కడి తెలుగువాళ్లు ఎక్కువగా ఎరిగిన గ్యారేజ్ సేల్ వేరు. గ్యారేజ్ సేల్‌లో ఇంటివాళ్లు తమకు అక్కర్లేనివి నాలుగు ఏరి వాకిట్లో పెడతారు. ఎస్టేట్ సేల్‌లో వీధి తలుపే తెరిచి పెడతారు. కొనేవాళ్లు హాల్లోంచి వంటింట్లోకి, అక్కణ్నుంచి పడకగదుల్లోకి, నేలమాళిగలోకి తిరుగుతూ చూసుకుంటారు. పియానో నుంచి గరిటెల దాకా అన్నీ అమ్మకానికే. మామూలుగా గురువారమో శుక్రవారమో మొదలై ఆదివారంతో ముగుస్తుంది. ఏ ఊళ్లో ఏ వారం ఎక్కడ జరుగుతుందో ఫొటోలతో సహా ముందే తెలిపే వెబ్‌సైట్లు ఉన్నాయి. వాటిలో ఎస్టేట్‌సేల్స్.నెట్ బాగా పేరున్నది.

ఈ అమ్మకాల్లో కొత్తవాళ్లను ముందుగా ఆశ్చర్యపరిచేది ఫర్నిచర్ ధర. అసలు వాల్‌నట్ చెక్కతో చేసిన తొమ్మిది సొరుగుల డ్రెస్సర్, చెక్కపొట్టును జిగురుతో కలిపి అదిమిన పలకతో, అంటే పార్టికల్ బోర్డుతో, చేసిన కొత్త డ్రెస్సర్ కంటే చవగ్గా దొరకడం అక్కడ మామూలు. ఇది చూసి చాలామంది ఒక నిర్ణయానికి వచ్చేస్తారు: పాతది, అరిగిపోయింది, అందుకే ఈ ధర. ఈ నిర్ణయం తప్పన్నదే నా వాదన. అక్కడ ధరను కిందికి దించినవి ఆ ఇంటిని ఖాళీ చేయాల్సిన గడువు, మారిన అభిరుచి. చెక్క నాణ్యతకు అందులో పాత్ర చాలా తక్కువ. ఈ తేడా తెలిసినవాళ్లకు ఎస్టేట్ సేల్ ఒక మంచి అవకాశం. అందులోనూ ఆ దేశంలో ఎన్నాళ్లుంటామో, ఏ ఊరికి మారతామో తెలియని వాళ్లకు, అంటే అక్కడున్న తెలుగు కుటుంబాల్లో చాలావాటికి, ఇది మరీ ఎక్కువగా కలిసొచ్చే అవకాశం. బరువైన పాత సామాను స్థిరపడ్డవాళ్లకే తగినదన్న మాట వింటూ ఉంటాం. లెక్క వేసి చూస్తే అది తలకిందులవుతుంది.

ముందు గడువు సంగతి. ఒక వ్యక్తి పోయాక వీలునామా ప్రకారం వ్యవహారాలు చూసే బాధ్యత ఎగ్జిక్యూటర్ మీద పడుతుంది. చాలాసార్లు పిల్లల్లో ఒకరే ఆ పని చూస్తారు. ఒకరు టెక్సాస్‌లో, ఇంకొకరు ఒరెగాన్‌లో, ఇల్లేమో ఒహాయోలో ఉంటుంది. ఇల్లు అమ్ముడుపోయేదాకా ఆస్తి పన్ను, బీమా, కరెంటు బిల్లు, ఒక్కోసారి బ్యాంకు వాయిదా కూడా కట్టాలి. ఇల్లు ఖాళీ అయితే తప్ప అమ్మకం ముందుకు సాగదు. పిల్లలు తమకు కావలసిన ఫొటోలు, నగలు, అమ్మ వాడిన ఒకటి రెండు వస్తువులు తీసుకుంటారు. మిగిలినదాన్ని ఎస్టేట్ సేల్ నడిపే సంస్థకు అప్పజెబుతారు. ఆ సంస్థ సామాను సర్ది, ధర కట్టి, అమ్మి, వచ్చినదాంట్లో మామూలుగా మూడోవంతు నుంచి సగం దాకా కమీషన్‌గా తీసుకుంటుంది. ఆ సంస్థ లక్ష్యం ప్రతి వస్తువుకూ గరిష్ఠ ధర రాబట్టడం కాదు. ఆదివారం సాయంత్రానికి ఇల్లు ఖాళీ చేయడం. అందుకే మొదటి రోజు చీటీ మీద ఉన్న ధర, రెండో రోజు కొంత తగ్గింపు, చివరి రోజు చాలాచోట్ల సగం ధర. శుక్రవారం 400 డాలర్లున్న బల్ల ఆదివారానికి 200 అవుతుంది. ఆ రెండు రోజుల్లో బల్లలో మారినదేమీ లేదు.

ఇక సరఫరా. అమెరికాలో 1946 నుంచి 1964 దాకా పుట్టినవాళ్లను బేబీ బూమర్లు అంటారు. ఆ పంతొమ్మిదేళ్లలో దాదాపు 7 కోట్ల 60 లక్షల మంది పుట్టారు. 2030 నాటికి వాళ్లలో బతికున్న ప్రతి ఒక్కరూ 65 దాటి ఉంటారు. వీళ్లు తమ తల్లిదండ్రుల ఇళ్లు ఖాళీ చేశారు, ఇప్పుడు తమ ఇళ్లు ఖాళీ చేస్తున్నారు. వీళ్ల ఇళ్లు నిండింది కూడా మంచి కాలంలోనే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శివారు కాలనీలు వెలిసినప్పుడు, మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్, నార్త్ కరోలినాలోని హై పాయింట్, వర్జీనియాలోని చిన్న ఊళ్ల ఫ్యాక్టరీలు దేశానికంతటికీ బల్లలు, మంచాలు, అల్మారాలు పంపేవి. డ్రెక్సెల్, లేన్, హెన్రెడన్, ఈథన్ అలెన్, థామస్‌విల్ లాంటి పేర్లు మధ్యతరగతి ఇళ్లలో మామూలుగా వినిపించేవి. వాల్‌నట్, చెర్రీ, మేపుల్, ఓక్ కలప అక్కడి అడవుల్లోనే పుష్కలంగా దొరికేది. 2000 తర్వాత దిగుమతుల ధాటికి ఆ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చైనా నుంచి వచ్చే పడకగది ఫర్నిచర్ మీద 2005లో అమెరికా ప్రభుత్వం యాంటీ డంపింగ్ సుంకం వేసినా ఆ మూతలు ఆగలేదు. ఇవాళ అదే పనితనంతో కొత్తది చేయించాలంటే చిన్న వర్క్‌షాపులో వేల డాలర్లు పోయాలి. కానీ నాడు లక్షల సంఖ్యలో తయారైన ఆ పాత సరుకు ఇప్పుడు ఒకేసారి ఇళ్లలోంచి బయటికి వస్తోంది.

కొనేవాళ్ల ఇళ్లేమో మారిపోయాయి. కొత్త ఇళ్లలో గోడలోనే క్లోజెట్ ఉంటుంది కాబట్టి నిలువెత్తు బట్టల బీరువా అక్కర్లేదు. వంటిల్లు, భోజనాల చోటు, హాలు అన్నీ ఒకటే విశాలమైన గదిగా కలిసిపోయాయి కాబట్టి పండగ రోజున మాత్రమే తెరిచే ప్రత్యేక భోజనాల గది లేదు. అది లేనప్పుడు పన్నెండుమంది కూర్చునే బల్ల, పింగాణీ పళ్లేలు అమర్చే అద్దాల అల్మారా ఎందుకు? ముదురు గోధుమరంగు మహాగని, వాల్‌నట్ సామాను మొత్తాన్ని అక్కడి వ్యాపారులు 'బ్రౌన్ ఫర్నిచర్' అని ఒకే మాటతో పక్కన పెట్టేస్తారు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఈ శతాబ్దం మొదటి ఏళ్లలో మొదలైన దీని ధరల పతనం ఇప్పటికీ కోలుకోలేదు. అదే సమయంలో 1950, 60ల నాటి సన్నకాళ్ల, సాదాగీతల ఫర్నిచర్ ధర మాత్రం ఆకాశాన్నంటింది. రెండు రకాలూ చాలాసార్లు ఒకే దేశంలో, ఒకే చెక్కతో తయారైనవే. మోజు ఒకదాన్ని ఎత్తి ఇంకొకదాన్ని దించిందంటే, ధరకూ నాణ్యతకూ ఉన్న ముడి ఎంత వదులో తెలుస్తుంది.

ఇక్కడ కొనేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. మొదటి రోజు తెల్లవారుజామునే వ్యాపారులు వచ్చి క్యూలో నిలబడతారు. చాలా చోట్ల వచ్చిన వరుసలో నంబరు చీటీలిచ్చి, ఒక విడతకు ఇంతమందిని మాత్రమే లోపలికి పంపుతారు. హెర్మన్ మిల్లర్ కంపెనీ కుర్చీనో డెన్మార్క్ టేకు బల్లనో మొదటి పావుగంటలోనే అమ్మినట్టు చీటీ పడిపోతుంది. వాటికోసం వ్యాపారులతో పోటీపడటం మామూలు కుటుంబానికి దండగ. వ్యాపారి వదిలేసి వెళ్లినదే ఇంటికి కావలసినది: చెర్రీ చెక్క భోజనాల బల్ల, ఓక్ పుస్తకాల అల్మారా, వాలు మూత ఉన్న రాతబల్ల, మేపుల్ సొరుగుల పెట్టె. వీటిని 'యాంటిక్' అనుకుని కొనకూడదు. అమెరికా కస్టమ్స్ లెక్కలో వందేళ్లు దాటినదే యాంటిక్. ఎస్టేట్ సేల్‌లో ఎక్కువగా కనిపించేవి ఆ వయసుకు చేరనివి. రేపు ధర పెరుగుతుందన్న ఆశతో కొంటే నిరాశే మిగులుతుంది. వాడుకోవడానికి కొంటే మాత్రం అంత మంచి సరుకు ఆ ధరకు ఇంకెక్కడా దొరకదు.

సరుకు మంచిదో కాదో తేల్చుకోవడానికి నిపుణులు అక్కర్లేదు. ఒక సొరుగు చాలు. దాన్ని పూర్తిగా బయటికి లాగి, తలకిందులు చేసి, వెలుతురులో పెట్టి చూడాలి. ముందు పలక, పక్క పలక కలిసే మూల దగ్గర, చివర వెడల్పై మొదట సన్నబడే పళ్లు ఒకదాంట్లో ఒకటి దిగి కనిపిస్తే అది డవ్‌టెయిల్ అతుకు. సొరుగును ఎన్నివేలసార్లు లాగినా ఆ మూల ఊడదు. పళ్లు సన్నగా, ఒకదానికొకటి కొద్దిగా తేడాగా ఉంటే వడ్రంగి చేత్తో కోసినవి. అన్నీ ఒకే కొలతలో వరుసగా ఉంటే మెషిన్ కోసినవి. అమెరికాలో 1890ల నుంచి మెషిన్ పని మామూలైంది. రెండూ గట్టివే. పళ్ల బదులు అర్ధచంద్రాల మధ్య చిన్న గుండ్రటి మేకులు కొట్టినట్టు కనిపిస్తే ఆ వస్తువు వయసు దాదాపు చెప్పేయవచ్చు. విస్కాన్సిన్‌లోని వాటర్లూకు చెందిన చార్లెస్ నాప్ తయారుచేసిన యంత్రం కోసిన అతుకు అది, 1871 నుంచి సుమారు 1900 దాకా మాత్రమే వాడకంలో ఉంది. మూల దగ్గర స్టేపుల్ పిన్నులు, ఎండిన జిగురు మాత్రమే కనిపిస్తే సొరుగును తిరిగి లోపలికి తోసి ముందుకు నడవడం మంచిది. అడుగు పలకను గోటితో తట్టాలి. చెక్కైతే ఒక శబ్దం, అట్టైతే ఇంకో శబ్దం. సొరుగు తీసిన ఖాళీలోకి తల వంచి చూస్తే, మంచి పనితనంలో ఒక సొరుగుకూ కింది సొరుగుకూ మధ్య దుమ్ము పడకుండా పలుచని పలక అమర్చి ఉంటుంది. పైవరుస సొరుగు లోపలి గోడమీద చాలాసార్లు కంపెనీ ముద్ర కాల్చి గుర్తువేసి ఉంటుంది.

వయసు గురించి చీటీ మీద రాసింది నమ్మాలా వద్దా అన్నదానికి కూడా చిన్న గుర్తులున్నాయి. ప్లస్ ఆకారపు గాటు ఉన్న ఫిలిప్స్ స్క్రూ 1930ల తర్వాతే వాడుకలోకి వచ్చింది. 1880ల నాటిదని చెప్పే బల్లలో అది ఉంటే తర్వాత రిపేరైనా జరిగి ఉండాలి, లేదా ఆ మాటే నిజం కాకపోవాలి. చెక్క నిలువు పొడవునా దాదాపు కుదించుకోదు, అడ్డంగా కుదించుకుంటుంది. అందుకని నిజంగా పాతదైన గుండ్రటి బల్లను టేపుతో రెండువైపులా కొలిస్తే ఒకవైపు కొద్దిగా తక్కువ వస్తుంది. పైపూత విషయంలో మనకు దగ్గరి చుట్టరికం ఉంది. 1920ల దాకా అమెరికా ఫర్నిచర్ మెరుపు చాలావరకు షెల్లాక్‌ది, అంటే మన లక్కది. ఆ లక్కలో ఎక్కువ భాగం మన దేశపు అడవుల నుంచే వెళ్లింది. కనపడని మూలలో ఒక్క చుక్క స్పిరిట్ వేస్తే కరిగి మెత్తబడేది లక్కపూత. వేడి గిన్నె పెట్టి తెల్లమచ్చ పడినా, గీతలు పడినా, దాన్ని మొత్తం చెక్కేయకుండానే పైన మరో పూత వేసి బాగుచేయవచ్చు. ప్లాస్టిక్ కాగితం అంటించిన కొత్త బల్ల మూల ఒకసారి నీళ్లు తాగి ఉబ్బితే దానికి ఏ వైద్యమూ లేదు.

పాతదల్లా మంచిదనడం కూడా అబద్ధమే. 1970ల నాటికే చెక్కగీతలు ముద్రించిన కాగితం అంటించిన పార్టికల్ బోర్డు సామాను అమెరికాలో పుష్కలంగా తయారైంది. అలాంటిది ఎస్టేట్ సేల్‌లో ఎంత చవకైనా కొనదగినది కాదు. వెనీర్ అన్న మాట విని మాత్రం పారిపోకూడదు. గట్టి చెక్క మీద మేలురకం చెక్కను పలచగా అంటించడం నాణ్యమైన పనే. కింద ఏముందన్నదే తేడా. ఇంకొక సంగతి. కొన్ని కలపలు ఇవాళ ఎంత డబ్బిచ్చినా కొత్తగా దొరకవు. 1904లో న్యూయార్క్‌లో గుర్తించిన ఒక బూజు తెగులు అమెరికన్ చెస్ట్‌నట్ చెట్లను కొన్ని దశాబ్దాల్లోనే తుడిచిపెట్టింది. కోట్ల చెట్లు పోయాయి. ఆ కలపతో చేసిన బల్లో పెట్టో ఇప్పుడు చూడాలంటే ఏ ముసలివారి ఇంట్లోనో వెతకాలి. వందల ఏళ్లు నిదానంగా పెరిగిన చెట్ల నుంచి కోసిన దట్టమైన, విశాలమైన పలకలూ అంతే.

ఇప్పుడు డబ్బు లెక్కకు వస్తాను. ఒక కుటుంబం 600 డాలర్లు పెట్టి కొత్త డ్రెస్సర్ కొందనుకుందాం. దుకాణం దాటిన మరునాటి నుంచే దాన్ని సగానికి అమ్మడం కూడా కష్టం. విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూ రంధ్రాలు వదులైపోతాయి కాబట్టి, రెండు ఇళ్లు మారాక దానికి కొనేవాళ్లుండరు. ఇంకో కుటుంబం ఎస్టేట్ సేల్‌లో 200 పెట్టి చెర్రీ చెక్క డ్రెస్సర్ తెచ్చుకుందనుకుందాం. దాని ధర పడవలసినంతా ఎప్పుడో పడిపోయింది. ఐదేళ్లు వాడి అమ్మితే 150 రావచ్చు, 200 కూడా రావచ్చు. మొదటి కుటుంబం ఐదేళ్ల వాడకానికి కట్టిన అద్దె దాదాపు 600. రెండో కుటుంబం కట్టింది యాభై, దానికి తోడు రవాణా ఖర్చు. హెచ్-1బి వీసా ఒకసారికి మూడేళ్లు, పొడిగిస్తే మామూలుగా ఆరేళ్లు. గ్రీన్‌కార్డు వరుసలో భారతీయుల నిరీక్షణ ఎంత పొడవో మన ఇళ్లలో తెలియనివాళ్లు లేరు. డల్లాస్ శివారులో ఇల్లు సర్దుకున్న ఏడాదికే సియాటిల్‌లో ఉద్యోగం రావచ్చు. ఈ అనిశ్చితిలో 'ఎలాగూ ఉండం కదా, చవకరకం కొత్తది చాలు' అని మనవాళ్లు అనుకుంటారు. ఉండని వాళ్లకే ధర నిలిచే వస్తువు కావాలి. ధర కరిగిపోయే వస్తువును భరించగలిగేది, అది అరిగేదాకా ఒకే చోట వాడేవాళ్లు.

'అంత బరువు ఎవరు మోస్తారు?' అన్నది దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం, అది న్యాయమైనదే. ఎస్టేట్ సేల్‌లో కొన్నదాన్ని మనమే తరలించుకోవాలి, అదీ వాళ్లు చెప్పిన గడువులోపు. తలుపుల వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్ట్ కొలత రాసుకుని, టేపు జేబులో పెట్టుకుని వెళ్లడం మొదటి పని. రోజుకు అద్దెకిచ్చే యూ-హాల్ బండికి రోజు అద్దెతో పాటు మైలుకింత అని పడుతుంది. ఇద్దరు మనుషులను మాట్లాడుకుంటే ఇంకొంత. ఈ ఖర్చును వస్తువు ధరలో కలుపుకునే బేరం లాభమా నష్టమా చూడాలి. మంచాల దగ్గర ఇంకో చిక్కుంది: పాత మంచాల్లో చాలావాటి వెడల్పు 54 అంగుళాలు, ఇవాళ ఎక్కువమంది వాడే క్వీన్ పరుపు వెడల్పు 60 అంగుళాలు. కొలవకుండా కొంటే పరుపు పట్టదు. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు మారేటప్పుడు బరువైన బల్లను మోసుకుపోవడం తెలివైన పని కాదని ఒప్పుకుంటాను. కానీ మోసుకుపోవలసిన అవసరమే లేదు. ఇక్కడ అమ్మి, అక్కడ మళ్లీ కొనుక్కోవచ్చు. ఎస్టేట్ సేళ్లు లేని అమెరికా ఊరు అరుదు.

రెండో అభ్యంతరం డబ్బుది కాదు, మనసుది. పోయినవాళ్ల వస్తువులు ఇంట్లోకి తెచ్చుకోవడం మన కుటుంబాల్లో చాలామందికి ఇష్టముండదు. పోయినవారి పేరిట శయ్యాదానం ఇచ్చే ఆచారం ఉన్న ఇళ్లలో, ఎవరో పడుకున్న మంచం మీద పడుకోవడమన్న ఆలోచనే ఇబ్బంది పెడుతుంది. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. ఆ సంకోచంలో పోయినవారి పట్ల భయం మాత్రమే కాదు, గౌరవం కూడా ఉంది. అలాంటివాళ్లు మంచం వదిలేసి రాతబల్ల కొనుక్కోవచ్చు. అయితే మన ఆచారంలోనే ఇంకో పార్శ్వం ఉందని మరిచిపోకూడదు. తాతగారి పడక్కుర్చీ, నాయనమ్మ భోషాణం, కావిడిపెట్టె ఎన్ని తెలుగిళ్లలో తరాలుగా నిలిచి లేవు! మనకు అభ్యంతరం పోయినవాళ్ల వస్తువు మీద కాదు, ముక్కూమొహం తెలియనివాళ్ల వస్తువు మీద. తమిళనాడులో కారైక్కుడి పాతసామాను దుకాణాల్లో చెట్టినాడు భవంతుల బర్మాటేకు స్తంభాలు, తలుపులు, పెట్టెలు కొని తెచ్చి ఇళ్లలో, హోటళ్లలో నిలబెట్టుకునేవాళ్లు ఎందరో. అవీ ఖాళీ అయిన ఇళ్లలోవే, అవీ పోయినవాళ్లవే. పైగా ఎస్టేట్ సేల్ అంటే చావు ఒక్కటే కారణం కాదు. విడాకులు, చిన్న ఇంటికి మారడం, సంరక్షణ గృహానికి వెళ్లడం కూడా కారణాలే. ఫోన్ చేసి అడిగితే నిర్వాహకులు చెబుతారు.

మూడోది ఆరోగ్యం, భద్రత. ఇక్కడ నేను పాతసామాను పక్షాన వాదించను; జాగ్రత్త పక్షానే నిలబడతాను. వాడిన పరుపు కొనకూడదు, అంతే. నల్లి పెద్దదైతే ఆపిల్ గింజంత ఉంటుంది, దాని గుడ్డు ఒక మిల్లీమీటరే. ఆహారం లేకుండా నెలల తరబడి బతుకుతుంది. సోఫా, మెత్త కుర్చీల కుట్ల వెంబడి, అడుగున గుడ్డ కింద టార్చి వేసి నల్లటి చుక్కలు, పొలుసులు ఉన్నాయేమో చూడాలి. అనుమానం వస్తే వదిలేయాలి. సాదా చెక్క సామానుకు ఆ ప్రమాదం తక్కువే గానీ లేకపోలేదు, కీళ్ల దగ్గర, స్క్రూ రంధ్రాల్లో చూసుకోవాలి. సన్నని రంధ్రాల కింద తాజా పొడి రాలుతుంటే లోపల పురుగు ఇంకా బతికే ఉంది. రంగు వేసిన పాత వస్తువుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్లకూ ఫర్నిచర్‌కూ సీసం రంగులను అమెరికా 1978లో నిషేధించింది. అంతకుముందు రంగు వేసినదాన్ని గీకడం, గరుకు కాగితంతో రుద్దడం పిల్లలున్న ఇంట్లో అసలు చేయకూడదు. పక్క కిందికి జారే పసిపిల్లల మంచాల అమ్మకాన్నే 2011లో నిషేధించారు, ఎంత అందంగా ఉన్నా అవి వద్దు. లేన్ కంపెనీ సెడార్ పెట్టెల కథ మరీ విషాదం. మూత పడగానే దానంతటదే తాళం పడే ఆ పెట్టెల్లో దాక్కుని పిల్లలు ఊపిరాడక చనిపోయారు. 1912 నుంచి 1987 దాకా తయారైన సుమారు కోటీ ఇరవై లక్షల పెట్టెల తాళాలు మార్చాలని 1996లో ప్రకటించారు. మార్చనివి ఇప్పటికీ ఎస్టేట్ సేళ్లలో కనిపిస్తాయి. అలాంటి పెట్టె కొంటే ఇంట్లో పెట్టేముందే తాళం ఊడదీయించాలి.

ఇవన్నీ చదివాక కొత్తదే నయమనిపించవచ్చు. కొత్తదానికీ దాని సమస్యలు ఉన్నాయి. పార్టికల్ బోర్డు జిగురులోంచి వెలువడే ఫార్మాల్డిహైడ్‌కు అమెరికా దేశవ్యాప్తంగా పరిమితి విధించి అమలుచేసింది 2018లోనే. సొరుగుల బీరువాలు పిల్లల మీద పడి జరిగిన మరణాల తర్వాత 2016లో ఐకియా ఒక్కటే అమెరికాలో 2 కోట్ల 90 లక్షల బీరువాలను, డ్రెస్సర్లను వెనక్కి పిలిచింది. పడిపోకుండా నిలబడే పరీక్ష కొత్త బీరువాలకు తప్పనిసరి అయింది 2023 సెప్టెంబరు నుంచే. పాత డ్రెస్సర్‌కు ఆ పరీక్ష జరిగి ఉండదు కాబట్టి, దాన్ని తెచ్చిన రోజే పట్టీతో గోడకు బిగించాలి. ఆ పట్టీకి అయ్యేది కొద్ది డాలర్లే.

ఇంకొక ప్రశ్న నన్ను కూడా ఆలోచింపజేసింది. ఒక కుటుంబం దుఃఖంలో, తొందరలో ఉన్నప్పుడు వెళ్లి బేరమాడటం న్యాయమేనా? కానీ ఆ అమ్మకం లేకపోతే ఏమవుతుందో చూడండి. ఆదివారం మిగిలినదాంట్లో కొంత హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సేవాసంస్థ నడిపే రీస్టోర్ దుకాణాల్లాంటి చోట్లకు దానంగా వెళుతుంది, మిగిలింది చెత్త డబ్బాలోకి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం 1960లో ఆ దేశం పారేసిన ఫర్నిచర్, గృహాలంకరణ సామాను 22 లక్షల టన్నులు; 2018లో అది కోటీ 21 లక్షల టన్నులకు చేరింది. అందులో 80 శాతం భూమిలో పూడ్చిపెట్టారు. తల్లి నలభై ఏళ్లు అన్నం వడ్డించిన బల్ల ఇంకో ఇంట్లో వాడకంలో ఉందంటే, ఆ పిల్లలకు వచ్చే డబ్బు కన్నా అదే ఊరట. అయితే మర్యాద పాటించాలి. మొదటి రోజు సగం ధరకు అడగడం, ఇంటివాళ్లు అక్కడ ఉంటే వస్తువును ఎగతాళి చేయడం, చీటీలు మార్చడం తగని పనులు. ధర తగ్గించమనాలంటే లోపం చూపించి, ఎంతిస్తామో ఒక్క మాటలో చెప్పి, కాదంటే ఫోన్ నంబరు ఇచ్చి ఆదివారం దాకా ఆగవచ్చు.

చివరి అభ్యంతరానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. అది సమయం. కొత్తగా దిగిన విద్యార్థికి ఈ రాత్రే పడుకోవడానికి మంచం కావాలి; నెలల పిల్లతో ఉన్న తల్లికి వారాంతాలన్నీ ఊళ్లు తిరిగే వీలుండదు. వాళ్లు దుకాణానికే వెళ్లాలి, అందులో తప్పేమీ లేదు. అన్నీ ఒకే నెలలో కొనాలన్న పట్టుదల లేనివాళ్లకు మాత్రం మార్గం వేరు. మంచం, పరుపు కొత్తవి తెచ్చుకుని, మిగతా గదులను కొన్నాళ్లు ఖాళీగా ఉంచి, నెలకొక మంచి వస్తువు వెతికి తెచ్చుకోవచ్చు. వెబ్‌సైట్‌లో ముందే పెట్టిన ఫొటోల్లో కావలసినది ఉంటే మొదటి రోజే వెళ్లాలి. ఉంటే ఉంది లేకపోతే లేదనుకుంటే చివరి రోజు మధ్యాహ్నం వెళ్లాలి. కొన్నాక రసీదు మీద వస్తువు వివరం, తీసుకువెళ్లాల్సిన గడువు రాయించుకోవాలి. ఉన్నది ఉన్నట్టుగా అమ్మేది కాబట్టి తిరిగి తీసుకోరు, అందువల్ల కొనక ముందే ప్రతి సొరుగూ లాగి చూడాలి.

తిరిగి వచ్చేసేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఇండియాకు సామాను కంటెయినర్‌లో పంపించేవాళ్లలో చాలామంది ఇంటిసామాను మొత్తం కట్టేస్తారు. కంటెయినర్ ఖర్చు ఘనపరిమాణం మీద పడుతుంది కాబట్టి, పార్టికల్ బోర్డు అల్మారాను సముద్రం దాటించడమంటే దాని ధర కన్నా ఎక్కువ ఛార్జీ కట్టడమే. చెర్రీ బల్లనూ అలా పంపడం నేను సిఫారసు చేయను. వెళ్లే ముందు రెండు నెలల వ్యవధి ఉంచుకుని, సొరుగు లోపలి ముద్ర, మూలల అతుకులు, కొలతలు కనిపించేలా ఫొటోలు తీసి ఊళ్లోనే అమ్మకానికి పెడితే, దాన్ని కొన్న ధర చాలావరకు చేతికొస్తుంది. రెండు నెలల ముందే మొదలుపెట్టమనడానికి కారణం ఒక్కటే: చివరి వారం దాకా ఆగితే, ఆ బల్లను అంత చవగ్గా మనకు తెచ్చిపెట్టిన గడువు ఈసారి మన ధరను దించుతుంది.